శాకాహార సింహం

మా బావమరిదికి ఈమధ్య సిలోన్ టీ పిచ్చి పట్టింది. తాగే పిచ్చయితే ఇంట్లో సర్దుకుపోయేవాళ్లం. ఇది అమ్మే పిచ్చి. కొలంబో నుంచి చెన్నై రేవుకు డబ్బాలు తెప్పించి హైదరాబాద్‌లో అమ్ముతాడట. ఏటా 130 కోట్ల కిలోలకు అటూఇటూగా టీ పండే దేశానికి బయటి నుంచి టీ తేవడమంటే తాపేశ్వరానికి కాజాలు మోసుకెళ్లడమే కదరా అన్నాను. ‘‘నీకు వ్యాపారం తెలీదు బావా’’ అన్నాడు.

సర్కారుదీ నా మాటే. బయటి టీ మీద మామూలు సుంకం నూటికి నూరు. శ్రీలంకతో ఒప్పందం ఉంది కనుక ఏడాదికి కోటిన్నర కిలోల దాకా ఏడున్నర శాతంతో వదిలేస్తారు. అది అక్కడి తోటల టీయేనని అక్కడివాళ్లు రాసిచ్చిన కాగితం జతచేస్తే చాలు. ఆ కాగితం చేతికి రాగానే మావాడు గండం గడిచిందని స్వీట్లు పంచాడు.

ఆహార భద్రత వాళ్ల, అంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంగతి అప్పటికింకా వాడికి తెలియదు.

ముందు కేంద్ర లైసెన్సు కావాలి. దాని నంబరు 14 అంకెలు. పెళ్లిరోజు గుర్తుండని మనిషి ఆ 14 అంకెలూ నిద్రలో అప్పజెబుతున్నాడని వాళ్లావిడ ఫిర్యాదు. సరుకు దిగాక అధికారి రెండు శాంపిళ్లు తీస్తారు. ఒకటి ల్యాబుకి, అది తప్పితే అప్పీలుకి రెండోది. ల్యాబులో టీని కాచడమే కాదు, కాలుస్తారు కూడా. బూడిద 4 శాతానికి తగ్గకూడదు, 8 దాటకూడదు. నీళ్లలోకి దిగే సారం 32 శాతమైనా ఉండాలి. ఇనుప రజను కిలోకి 250 మిల్లీగ్రాములు మించకూడదు. టీలో ఇనుమేమిటని మావాడు బెంబేలెత్తాడు. ఆకును చించి నలిపే రోలర్లు అరిగి రాల్చేదే అది. అయస్కాంతాలు పెట్టి లాగినా కాస్త మిగులుతుంది. ఈ పరీక్షలకు నేను వంక పెట్టను. మన కడుపు కోసం పెట్టినవే. పైగా మావాడి టీ అన్నింట్లోనూ పాసైంది.

ఆగింది డబ్బా దగ్గర. శ్రీలంకలో పండి, అక్కడే ప్యాకయిన అచ్చమైన సిలోన్ టీకి ఆ దేశపు టీ బోర్డు సింహం ముద్ర ఇస్తుంది. చేతిలో కత్తి పట్టుకున్న సింహం. ఆ సింహం మన దేశంలో అడుగు పెట్టాలంటే పక్కన పచ్చచుక్క ఉండాలి, తాను శాకాహారినని. దాంతోపాటు దిగుమతిదారు పేరు, చిరునామా, ఆ 14 అంకెలు. ముద్రించడం మరిచిపోతే ఫరవాలేదు, కస్టమ్స్ గోదాములోనే స్టిక్కరు అంటించుకోవచ్చు. స్టిక్కరు ఒక్కటే ఉండాలి, ఊడిరాకూడదు, డబ్బా మీది అసలు అక్షరాల్ని కప్పకూడదు. ఇంగ్లీషు, సింహళం, తమిళం కలిసి ఆక్రమించిన డబ్బా మీద ఖాళీ జాగా కోసం మావాడు హైదరాబాద్‌లో ప్లాటు వెతికినట్టు వెతికాడు. చివరికి సింహం తోక పక్కన దొరికింది. స్టిక్కర్లు అంటించే కుర్రాళ్ల కూలీ, గోదాము అద్దె మాత్రం సింహం నోట్లోకే పోయాయి.

డబ్బాలన్నీ పచ్చచుక్కలు పెట్టుకుని బయటపడ్డ రోజున ఇద్దరం మా సందు చివరి బడ్డీకొట్టుకు వెళ్లాం. అక్కడ టీపొడి ప్లాస్టిక్ సంచీలో వస్తుంది. సంచీ మీద సింహం లేదు, చుక్క లేదు, తేదీ లేదు, ఊరు కూడా లేదు. ఏ రేవూ దాటి రాలేదు కనుక దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఎప్పుడో ఒకసారి వాడేసిన పొడిని ఎండబెట్టి రంగేసే గోదాము మీద దాడి జరిగి పేపర్లో ఫొటో పడుతుంది. మర్నాటికి అదే పేపర్లో బడ్డీకొట్టువాళ్లు బజ్జీలు చుట్టిస్తారు.

ఇంట్లోనే కల్తీ కనిపెట్టడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లు ఓ చిన్న పుస్తకం వేశారు. వడపోత కాగితం మీద టీపొడి పరిచి, నీళ్లు చిలకరించి, తరవాత పొడి కడిగేసి చూడాలి. మరక దిగితే రంగు కలిసినట్టు. నియమాలన్నీ కంఠతా పట్టిన మావాడు ఊరుకుంటాడా? జేబులోంచి కాగితం తీసి కౌంటరు మీద పరిచాడు. చిటికెడు పొడి, నాలుగు చుక్కల నీళ్లు. కాగితం పారాణి పెట్టుకున్న పాదంలా ఎర్రబారింది.

కొట్టాయన ముందుకు వంగి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

‘‘చూశారా సార్, డికాక్షన్ పెట్టకుండానే కలర్ ఎలా దిగిందో! మీ ఫారిన్ టీలో వస్తుందా?’’