దాచి పాడుచేసిన సరుకులు

నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పుకోవాలి. పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ కట్టి పంపిన సరుకులను నేను ఏళ్ల తరబడి వండలేదు. ప్రేమకొద్దీ దాచాను, దాచి పాడుచేశాను.

మా అమ్మవాళ్లది ధర్మవరం. చిన్నమ్మ పెనుకొండలో ఉంటుంది. అత్తగారిల్లు హిందూపురం. మా కాపురం బెంగళూరు. అన్నీ ఒకే రైలు దారిలో ఉన్న ఊళ్లు. పండక్కి వెళ్లి తిరిగొస్తుంటే ఇంటింటా ఒక మూట చేతికొచ్చేది. అమ్మ ఒలిచిన వేరుశెనగ విత్తనాలు, బొరుగులు, పుట్నాలపొడి కట్టేది. చిన్నమ్మ ఉలవలు, కొర్రలు, రాగిపిండి ఇచ్చేది. అత్త చింతపండు, ఎండుమిరపకాయలు, బెల్లం, వేయించి దంచిన ఉచ్చెల్ల (వెర్రినువ్వుల) పొడి పెట్టేది. హిందూపురం మార్కెట్‌యార్డుకు చింతపండు కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలుగా వస్తుంది. ధర ఎక్కువ పలికేది కరిపులి. అత్త తనకు ఫ్లవర్ ఉంచుకుని నాకు కరిపులి ఇచ్చేది.

అంత మంచి సరుకును మామూలు రోజున వాడడానికి నాకు మనసొప్పేది కాదు. వీధి చివరి అంగట్లో కొన్నవాటితో రోజూ వంట కానిచ్చి, వీటిని మంచిరోజు కోసం పైఅరలో పెట్టేదాన్ని. ఆ మంచిరోజు ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇంటికి నలుగురు వచ్చినప్పుడు నేను చేసింది పులావు, పనీరు కూర. సంగటి, ఉలవకట్టు వడ్డిస్తే ఏమనుకుంటారో అన్న నామోషీ. మామూలు రోజుకు ఎక్కువైనవి, చుట్టాలొచ్చిన రోజుకు తక్కువైనవి. నేను ప్రేమ అనుకున్నదాంట్లో సగం నామోషీయే. ఈ మాట ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది.

సరుకు మాత్రం నాకోసం ఆగలేదు. శెనగవిత్తనంలో దాదాపు సగం నూనే. పొట్టుకాయగా ఉన్నన్నాళ్లు దానికి కాపు ఉంటుంది. ఒలిచాక గాలీ వేడీ తగిలి ముక్కిపోతుంది. చెమ్మ చేరితే బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు. అందుకే అమ్మ పంపినవాటిని ఏరి వాడుకునే వీలు కూడా లేక మొత్తం పారేశాను. ఉచ్చెల్ల పొడి కమ్మదనం పోయి ముక్కిన వాసన కొట్టింది. రాగిపిండికి పురుగు పట్టింది. బెల్లం వానాకాలంలో నీరు కారింది. ఉలవలు చెడలేదు గానీ, పాతబడ్డకొద్దీ గింజ గట్టిపడి ఎంత ఉడికించినా మెదగలేదు.

ఒకసారి అత్త వచ్చి డబ్బాలన్నీ దింపి చూసింది. కోప్పడలేదు. "వండుకోమని ఇచ్చినాను పిల్లా, పెట్టుకోని చూస్కోమని కాదు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ పొడి దంచిన చెయ్యి ఆమెది. ఆ దంచిన కష్టం ఎవరి విస్తరికీ చేరకుండా చేసింది నేను.

మావాళ్లు దాచలేదా అంటే, నాకంటే ఎక్కువే దాచారు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే మా వైపు దాచకపోతే బతుకే లేదు. కానీ ఏది దాచాలో వాళ్లకు తెలుసు. రాగులను గింజగా పాతరలో పోసేవాళ్లు, పిండి మాత్రం కావలసినప్పుడే విసురుకునేవాళ్లు. కొర్రలను పొట్టుతో ఉంచి, దంచినవాటిని వెంటనే వండేసేవాళ్లు. చింతపండును గింజ, ఈనె తీసి, ఎండబెట్టి, ఉప్పు కలిపి జాడీకెత్తేవాళ్లు. దాచడం కూడా వంటలో భాగమే వాళ్లకు. నేను ఆ చదువు చదవకుండా దాచడం ఒక్కటే పట్టుకున్నాను.

ఇప్పుడు మూట విప్పిన వారంలోనే వంట మొదలుపెడతాను. విత్తనాలు సన్నమంటమీద వేయించి, పొట్టు చెరిగి, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, జీలకర్ర, ఉప్పు వేసి కాస్త బరకగా నూరితే ఊరిబిండి. మెత్తగా చేస్తే ఆ రుచి రాదు. సంగటికి బియ్యాన్ని నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా ఉడికించి, రాగిపిండి నడుమ కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, అప్పుడు కట్టెతో గెలకాలి. తొందరపడి ముందే గెలికితే ఉండలు కడుతుంది. ఉలవలు రాత్రి నానబెట్టి ఉడికించి వార్చితే వచ్చే కట్టుకు చింతపండు పులుసు చేర్చి, మిరియాలూ తెల్లగడ్డా దంచి వేసి కాచుతాను. వార్చిన గింజలు తాలింపు పెడితే గుగ్గిళ్లు. వంకాయ కూర దించేముందు ఒక చెంచా ఉచ్చెల్ల పొడి చల్లితే చాలు, కొబ్బరి అక్కర్లేదు. బొరుగులు నీళ్లలో ముంచి, నీళ్లు పిండేసి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ తాలింపులో కలిపి, పైన పుట్నాలపొడి జల్లితే ఉగ్గాని. మెత్తబడ్డ బొరుగులైనా దీనికి పనికొస్తాయి.

చుట్టాలకూ ఇదే పెడుతున్నాను. సంగటి ముద్ద నడుమ గుంట చేసి నెయ్యి పోసి ఇస్తే మొహమాటంగా మొదలుపెట్టినవాళ్లూ ఇంకో ముద్ద అడుగుతారు. అడగకపోయినా నాకు నామోషీ లేదు.

ఊరినుంచి మూట అందుకునే ఆడబిడ్డలకూ మగబిడ్డలకూ నా మనవి ఒక్కటే. ఒలిచినదీ, దంచినదీ, విసిరినదీ ముందు వండండి. గింజగా ఉన్నదాన్ని తర్వాత చూడొచ్చు. వండాక ఊరికి ఫోన్ చేసి, ఏది ఎలా కుదిరిందో ఇచ్చినవాళ్లకు చెప్పండి. ఉప్పు చాల్లేదని చెప్పినా వాళ్లు సంతోషిస్తారు, వాళ్ల సరుకు మీ కంచంలోకి చేరిందని తెలుస్తుంది కాబట్టి.