పాండుపత్ర ప్రశ్న: టీకా తాత్పర్య సహితం

అవతారిక

వ్యాఖ్య రాసేవాడు ముందు కవి ఎవరో, సందర్భం ఏమిటో చెప్పాలి. ఇక్కడ కవి మా అత్తయ్యగారు. ఊరు తెనాలి. ఆరు నెలలు ఉండి వెళ్దామని నవంబరులో డాలస్‌కి ఉత్తరాన ఉన్న మా ఇంటికొచ్చారు. శ్రోత ఒక అమెరికన్ పెద్దాయన. డెబ్భై దాటి ఉంటాయి. శనివారం సంతలో మడతబల్ల వేసుకుని, ఆకుపచ్చ ఏప్రన్ కట్టుకుని కూర్చుంటాడు. బల్లకు కట్టిన గుడ్డ మీద ‘మాస్టర్ గార్డెనర్‌ని అడగండి’ అని రాసుంటుంది. ఇద్దరి మధ్య దుబాసీని నేను. కాలం ఏప్రిల్ మొదటివారం. చలికాలమంతా ఇళ్ళలో దాచుకున్న కుండీలను జనం ఒకటొకటిగా బయటపెట్టుకుంటున్న రోజులు.

కావ్యవస్తువు మా కారు వెనకసీట్లో బెల్టు పెట్టుకుని వచ్చింది. ఒక రెమ్మ కవర్లో వేసుకెళ్తే చాలండీ అని నేనంటే, “రోగిని ఇంట్లో పడుకోబెట్టి, వైద్యుడి దగ్గరకి గోరు పట్టుకెళ్తామా?” అన్నారావిడ.

మూలము

“ఏవండీ! మా కరేపాకు చెట్టు ఆకులన్నీ పచ్చబడి రాలిపోతున్నాయి. నీళ్ళు బాగానే పోస్తున్నాం. ఏమైందంటారు?”

టీక

ఏవండీ = ఓయి తోటమాష్టారా! (ఈ సంబోధన ఆడవాళ్ళ నోట భర్తకే గదా చెల్లునందురేని, మామయ్యగారు తెనాలిలోనే ఉండిపోయిరి గాన సందేహము లేదు); మా = మాదైనట్టి; కరేపాకు చెట్టు = మూడడుగుల కుండీమొక్క యొక్క; ఆకులన్నీ = మిగిలిన పదకొండు రెమ్మలలోని ఆకులును; పచ్చబడి = రంగు మారి; రాలిపోతున్నాయి = కార్పెట్టుపై పడుచున్నవి; నీళ్ళు = కొళాయి నీరు, పూటకొక చెంబెడు; బాగానే = దీని అర్థము ముందు విచారింపబడును; పోస్తున్నాం = పోయుచున్నారము (బహువచనము గౌరవార్థము గాదు, నింద పంచుకొనుటకు); ఏమైందంటారు = ఏమి సంభవించెనని మీ అభిప్రాయము? (నా అభిప్రాయము నాకు ముందే కలదని ధ్వని).

మూడడుగుల మొక్కను చెట్టు అనటం అతిశయోక్తి. ‘కరివేపాకు’ అనే పాఠం నిఘంటువుల్లో ఉంది గానీ తిరగమోతలో ఎక్కడా వినపడదు కనుక దాన్ని గ్రహించలేదు.

‘మా’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మొక్క మా ఇంట్లోది. నాలుగేళ్ళ కిందట ఈ ఊళ్ళోనే ఒకావిడ వేరు పిలక తీసిస్తే నేనే నాటాను. పోయిన వేసవిలో అది గుబురుగా ఉన్నప్పుడు వీడియోకాల్లో అత్తయ్యగారు ‘మీ కరేపాకు’ అనేవారు. జబ్బు చేశాక ‘మా’ అయింది. దీనికి నేను పొంగిపోయాను గానీ, మా ఆవిడ చెప్పిన అర్థం వేరు. రోగిని తనదని చెప్పుకుంటే తప్ప వైద్యుణ్ణి నిలదీసే హక్కు రాదట.

శంక, సమాధానం

ఆకులు పచ్చబడితే హాని ఏమిటి, పచ్చగా ఉండాలనే గదా మొక్కను పెంచేది? అని శంక. తెలుగులో పచ్చ అంటే ఆకు రంగూ అదే, పసుపు రంగూ అదే. పచ్చగా ఉండమంటే దీవెన. పచ్చబడ్డాడంటే కామెర్లు. ఒకే రంగు ‘గా’తో కలిస్తే శుభం, ‘బడు’తో కలిస్తే జబ్బు. ఇంగ్లీషులో ఈ ఇబ్బంది లేదు కనుక నేను ‘ఎల్లో’ అని ఒక్క మాటలో తేల్చేశాను. పని అయిపోయిందనుకున్నాను.

తోటమాష్టారు మాత్రం ఆ ఒక్క మాటను నాలుగు చేశాడు. పచ్చబడ్డవి కొత్తాకులా, పాతాకులా? ఈనెలు కూడా పచ్చబడ్డాయా, ఈనెల మధ్యేనా? ఆయన అడిగింది ఊసుపోక కాదు. చిగుళ్ళు పచ్చబడి ఈనెలు మాత్రం ఆకురంగులోనే నిలిస్తే ఇనుము అందటం లేదని. మా వైపు నేల సున్నం ఎక్కువున్న నల్లమట్టి. మట్టిలో ఇనుమున్నా ఆ సున్నం వల్ల వేరుకు చిక్కదు. అందుకని ఆ బల్ల దగ్గరకొచ్చే పచ్చరోగుల్లో చాలామందిది ఇదే జాతకం. అడుగాకులు ముందుగా, మొత్తంగా పాలిపోతే నత్రజని తక్కువైందని. అడుగాకులే అయినా ఈనెల మధ్య మాత్రం పాలిపోతే మెగ్నీషియం. అలా కాక కింద నుంచి పైదాకా ఒకేసారి పచ్చబడి, మట్టి తడిగా ఉండగానే మొక్క వాడిపోతుంటే అప్పుడిక ఆకును వదిలి కిందికి చూడాలి. మాది ఈ నాలుగోది.

ఈ శాస్త్రం మనకు కొత్త కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమంతా చెట్ల వైద్యానికే ఇచ్చి, చలివల్లా గాలివల్లా ఎండవల్లా చెట్టుకు రోగమొస్తుందని చెబుతూ మొదటి లక్షణంగా పాండుపత్రతను, అంటే మా అత్తయ్యగారి ‘పచ్చబడటాన్ని’, పేర్కొన్నాడు. తర్వాతి వాడైన సురపాలుడు చెట్లకు కూడా వాతపిత్తకఫాలు చూసి మందు చెప్పాడు. ఆయన వృక్షాయుర్వేదం రాతప్రతి ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో ఉంది. దానికి ఇంగ్లీషు అనువాదం 1996లో సికింద్రాబాదులో అచ్చయింది. ఇంత చరిత్ర ఉన్నవాళ్ళం మొక్కను కారులో వేసుకుని టెక్సస్ ముసలాయన దగ్గరకి వెళ్ళటమేమిటంటే, సురపాలుడు శనివారాలు బల్ల వేసుకుని కూర్చోడు గదా.

‘మాస్టర్’ శబ్ద విచారం

గుడ్డ మీద ‘మాస్టర్’ అని ఉందని నేను చదివి చెప్పగానే అత్తయ్యగారు ‘మాష్టారా!’ అని కొంగు సర్దుకున్నారు. వ్యుత్పత్తి చూస్తే ఈ బిరుదుకు ఆధారం ఒక జర్మన్ మాట. అక్కడ పని నేర్చి, పరీక్ష నెగ్గిన తోటపనివాణ్ణి గార్టెన్‌మైస్టర్ అంటారు. అమెరికాలో 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చి, విశ్వవిద్యాలయాల్లో తేలిన సంగతులు రైతు గుమ్మం దాకా చేర్చటానికి ఎక్స్‌టెన్షన్ అనే ఏర్పాటు చేసింది. కొన్నాళ్ళకు రైతులకంటే పట్నవాసులే ఎక్కువయ్యారు. వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్, టకోమా చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు మా గడ్డి ఎండింది, మా గులాబీకి పురుగు పట్టింది అని ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే అక్కడి ఉద్యోగులకు ఊపిరాడలేదు. డేవిడ్ గిబీ, బిల్ షీర్ అనే ఇద్దరికి ఒక ఆలోచన తట్టింది. ఊళ్ళోవాళ్ళకే కొందరికి చదువు చెప్పి, ఆ రుణాన్ని డబ్బుగా కాక మిగతా ఊరివాళ్ళకు జవాబులుగా తీర్చమనటం. 1972లో టకోమాలో పరీక్షగా బల్ల వేసి చూశారు. 1973లో మొదటి జట్టు తయారైంది. ఇప్పుడు టెక్సస్‌లో అయితే యాభై గంటలు పాఠాలు వినాలి, తిరిగి యాభై గంటలు ఊరికి పనిచెయ్యాలి. అప్పుడే బ్యాడ్జీ.

మనలో ఉచిత సలహాకు ఏనాడూ కరువు లేదు. మా కరేపాకు విషయంలోనే ఆ నెలలో నాకు తొమ్మిది వచ్చాయి: ఎప్సమ్ సాల్ట్, బియ్యం కడుగు, గుడ్డు పెంకులు, కుండీలో ఇనుపమేకు, ఇలా. యాభై గంటలు కూర్చుని విని, ఆ తర్వాత ఉచితంగా చెప్పేవాణ్ణి చూడటం మాత్రం నాకు ఇదే మొదలు. ఇంకో వింత, ఆ తొమ్మిదిమందిలో ఒక్కరూ నన్ను ఎదురు ప్రశ్న అడగలేదు. ఈయన జవాబు చెప్పేలోపు పదకొండు అడిగాడు.

విశేషము: ‘బాగానే’

ఈ ప్రశ్నకు ప్రాణం ఈ మాటలో ఉంది. బాగు, దానికి గా, ఆపైన ఏ. ఈ ఏకారం అవధారణార్థకం. ‘బాగా పోస్తున్నాం’ అంటే సమాచారం. ‘బాగానే పోస్తున్నాం’ అంటే వాంగ్మూలం. ఎవరూ ఆరోపించకముందే ఇచ్చే సంజాయిషీ. ఎవరైనా ‘బాగానే చూసుకుంటున్నాం’ అన్నారంటే చూసుకోవటం గురించి ఎక్కడో మాట పడిందన్నమాట. ఇంతటి పదాన్ని నేను ‘వెల్’ అని అనువదించాను. వ్యాఖ్యాతగా నా జీవితంలో ఇదొక మచ్చ.

తోటమాష్టారికి తెలుగు రాదు. అయినా ఆ ‘వెల్’ దగ్గరే పట్టుకున్నాడు. వెల్ అంటే రోజుకెన్నిసార్లు? ఎంత? వేలు పెట్టి చూశాకా, చూడకుండానా? నీళ్ళు ఎటు పోతున్నాయి?

ఎటూ పోవటం లేదని అప్పుడు మాకు తట్టింది. మొక్క ఉన్నది నర్సరీవాళ్ళ నల్ల ప్లాస్టిక్ కుండీలో. హాల్లో పెట్టటానికి అందంగా ఉండాలని మా ఆవిడ దాన్ని ఒక తెల్లటి పింగాణీ కుండీలోకి దించింది. దానికి అడుగున కన్నం లేదు. ఆయన రెండు చేతులతో లోపలి కుండీని మెల్లిగా పైకెత్తాడు. చప్పుడొచ్చింది, బురదలోంచి కాలు పీక్కున్నట్టు. పింగాణీ అడుగున జానెడు లోతు నీళ్ళు, కాఫీ రంగులో. వాసన బల్ల అవతలికి కూడా వెళ్ళింది. తేనె సీసాలు అమ్మే పక్క బల్లావిడ ఒకసారి ఇటు తిరిగి చూసింది. ఇంగ్లీషులో ‘వెల్’కి బావి అనే అర్థం కూడా ఉందని అప్పుడు గుర్తొచ్చింది. కనుక నా అనువాదం తప్పు కాదు, శ్లేష.

మట్టిగడ్డను పక్కకు వంచి వేళ్ళు చూపించాడు. బాగున్న వేరు గట్టిగా, లేతరంగులో ఉంటుంది. మావి నల్లబడి, వేళ్ళతో పట్టుకుంటే పై తొక్క జారిపోయి లోపల దారంలా మిగిలింది. వేరుకు నీరు ఎంత కావాలో గాలీ అంతే కావాలి. మట్టిలో సందులన్నీ నీళ్ళే నింపేస్తే వేరు ఊపిరాడక చస్తుంది. చచ్చిన వేరు నీళ్ళు తాగలేదు. తాగలేక ఆకు వాడుతుంది. వాడిందని మనం ఇంకో చెంబు పోస్తాం. పైగా చలికాలం ఇంట్లో ఉన్న కరేపాకు పెద్దగా ఎదగదు, దానికి దాహమూ తక్కువే. తెనాలి పెరట్లో మే నెల ఎండలో నిలబడ్డ చెట్టు లెక్కని అత్తయ్యగారు జనవరిలో మా హాల్లో అమలుచేశారు.

మెదక్ దగ్గరి కొల్చారం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని మాటిచ్చి కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. మూలం అంటే వేరు కూడా. ఆకుల మీద వ్యాఖ్యానించిన తొమ్మిదిమందీ అమూలంగా మాట్లాడారని, మల్లినాథుడి పద్ధతి పాటించినవాడు ఈయనొక్కడేనని నా తీర్పు.

పూర్వపక్షాలు

‘ఏమైందంటారు’లో ధ్వని ఉందని చెప్పానుగా. అత్తయ్యగారి సిద్ధాంతం దిష్టి. సంక్రాంతికి వచ్చిన ఎదురింటి తెలుగావిడ ‘అబ్బ, ఎంత ఏపుగా ఉందో’ అంటూ నాలుగు రెమ్మలు తుంచుకెళ్ళింది. మర్నాటి నుంచే మొదలైందట. ఇది అనువదించమని నన్ను పొడిచారు. దిష్టికి మాట దొరక్క, పక్కింటివాళ్ళు కోసుకెళ్ళారు అన్నాను. ఆయన శ్రద్ధగా విని, కోస్తే ఏమీ కాదు, కొస తుంచితే పక్కకొమ్మలు వేసి గుబురవుతుంది, ఆవిణ్ణి మళ్ళీ రమ్మనండి అన్నాడు. నేను మొదటి వాక్యమే తెలుగులో చెప్పాను.

రెండోది పుల్లమజ్జిగ. మా ఊళ్ళో కరేపాకుకి మజ్జిగే పోస్తాం, ఈయన్ని అడగండి అన్నారు. దీని మీద తన దగ్గర పరిశోధన ఏమీ లేదని, లేనిదాన్ని మంచిదనీ చెడ్డదనీ చెప్పననీ, కనుక్కుని ఫోను చేస్తాననీ నోటుబుక్కులో రాసుకున్నాడు. అత్తయ్యగారికి ఇది నచ్చలేదు. “తెలియదని మాష్టారే చెప్తే ఇంకేం మాష్టారు?” అన్నారు. ఆయన మంగళవారం నిజంగానే ఫోను చేశాడు. కుళ్ళిన వేరున్న మొక్కకు ప్రస్తుతానికి మజ్జిగా వద్దు, ఎరువూ వద్దు, కొత్త చిగురు వచ్చేదాకా ఏదీ పెట్టొద్దన్నాడు.

మూడోది ఆయన వేసిన ప్రశ్న: మొక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ఊళ్ళోదే అనగానే స్థిమితపడ్డాడు. కరేపాకు నారింజ, నిమ్మల చుట్టం. నిమ్మజాతిని పచ్చబరిచి చంపే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగుకు కరేపాకు చిగురంటే ప్రాణం. ఆ పురుగు ఫ్లోరిడాలో 1998లో కనపడింది, తెగులు 2005లో. టెక్సస్‌కి తెగులు 2012లో చేరింది. అందుకని రాష్ట్రాలు దాటించి కరేపాకు మొక్కను తీసుకెళ్ళటానికి ఆంక్షలున్నాయి. పసుపు చేసే తెగులుకు గ్రీనింగ్ అని పేరేమిటి అంటే, పండు ముగ్గకుండా ఆకుపచ్చగానే ఉండిపోతుందట. పచ్చ విషయంలో తికమక ఒక్క తెలుగువాళ్ళకే కాదన్నమాట.

తాత్పర్యము

ఓ తోటమాష్టారా! మేము మా కుండీమొక్కను ముంచి చంపుచున్నాము. కాదని చెప్పుము.

ఆయన కాదని చెప్పలేదు. నల్లవేళ్ళు కత్తిరించి, పెర్లైట్ కలిపిన గుల్లమట్టిలో, కన్నాలున్న కుండీలో నాటమన్నాడు. పైకొమ్మలు కొంచెం తగ్గించి, మట్టిలో రెండంగుళాలు వేలు దూర్చి, పొడిగా ఉంటేనే నీళ్ళు పొయ్యమన్నాడు. తన వేలు దూర్చి చూపించి, అత్తయ్యగారిని కూడా దూర్చమన్నాడు. ఆవిడ ఉంగరం తీసి నా చేతికిచ్చి మరీ దూర్చారు.

అత్తయ్యగారు మే నెలలో తెనాలి వెళ్ళిపోయారు. జూన్‌లో రెండు చిగుళ్ళు వచ్చాయి. పోయిన ఆదివారం ఫోనులో కరేపాకు ఎలా ఉందని అడిగారు.

“బాగానే ఉందండీ,” అన్నాను.

అటువైపు కాసేపు చప్పుడు లేదు.

“బాగానే అంటే ఎట్లా అల్లుడుగారూ? వేలు పెట్టి చూశారా?”