పుట్టుమచ్చ జోలికి పోవద్దు

మా రోజుల్లో స్టూడియోలో కెమెరా పట్టేవాడికంటే రీటచింగ్ చేసేవాడికే మర్యాద ఎక్కువ. కిటికీ దగ్గర ఆయన కుర్చీ, ముందు ఏటవాలు బల్ల, బల్ల మధ్యలో పాలగాజు, దాని కింద వెలుతురును పైకి కొట్టే అద్దం ఉండేవి. నెగటివ్‌ మీద టర్పెంటైన్ వాసన కొట్టే మీడియం దూదితో పల్చగా రుద్దితేనే పెన్సిలు అంటుకునేది. ఆ పెన్సిలు ములుకును గరుకు కాగితం మీద సూదిలా అరగదీసుకునేవాళ్లం. ముఖం మీద నల్లగా ఉండే మచ్చ నెగటివ్‌లో తేటగా కనిపిస్తుంది. అక్కడ చుక్కలూ కామాలూ పెడుతూ, చుట్టూ ఉన్న చర్మంతో కలిసిపోయేదాకా నింపాలి. అప్పుడు ప్రింటులో మచ్చ ఉండదు. చెయ్యి కాస్త బరువుగా పడిందా, ప్రింటులో అక్కడ తెల్లటి అతుకు తేలేది. ఆ నెగటివ్ తుడిచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

అంత ఓపికతో నేర్చిన విద్య కనుకే ఎక్కడ ఆపాలో కూడా నేర్పేవారు. నాకు పని నేర్పిన పెద్దాయన పెళ్లిచూపుల ఫోటోకు ఒక పద్ధతి, పాస్‌పోర్టు ఫోటోకు ఇంకో పద్ధతి పెట్టారు. పెళ్లిచూపులదైతే కళ్లకింద నలుపు తగ్గించొచ్చు, నుదుటి మడతలు మెత్తబరచొచ్చు. పాస్‌పోర్టుకో, హాల్‌టికెట్టుకో, ఉద్యోగం దరఖాస్తుకో అయితే వారంలో మానిపోయే మొటిమ తప్ప ఇంకేదీ ముట్టుకోనిచ్చేవారు కాదు. పుట్టుమచ్చ, అమ్మవారు పోసినప్పటి గుంటలు, చిన్నప్పుడు పడిన గాటు ఆ మనిషి సొంతం. వాటి మీద పెన్సిలు పెడితే ఆయన కోపం చూడాల్సిందే!

ఇందులో ఛాదస్తం ఏమీ లేదు. పదో తరగతి పరీక్షకు ముందు బడిలో మాస్టారు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి పుట్టుమచ్చలు వెతికి రాసుకోవడం గుర్తులేని తెలుగువాడు ఉంటాడా? ఎస్‌.ఎస్‌.సి. సర్టిఫికెట్ మీద అవే గుర్తులుగా అచ్చవుతాయి. ‘కుడి చెంప మీద పుట్టుమచ్చ’ అని ఒక కాగితం చెబుతుంటే, పక్కనే పెట్టిన ఫోటోలో ఆ చెంప నున్నగా మెరుస్తుంటే పరిశీలించే అధికారి ఏది నమ్మాలి?

ఇప్పుడు ఏ వీధిలో చూసినా ‘అయిదు నిమిషాల్లో పాస్‌పోర్టు ఫోటో’ బోర్డే. కుర్రాడు ఫోటో తీస్తాడు, మౌసుతో ఒక్క నొక్కు నొక్కుతాడు, మచ్చలూ ముడతలూ రంధ్రాలూ అన్నీ ఒకేసారి మాయం. కూర్చున్న మనిషిని అడగడు. ఇంట్లో తీసుకుందామంటే కొన్ని ఫోన్లలో అందం పెంచే ఏర్పాటు ముందే వేసి ఉంటుంది, అది దానంతట అదే చర్మాన్ని నునుపు చేసి గడ్డాన్ని సన్నం చేసేస్తుంది. అరవై ఏళ్ల తాతకు ముప్ఫై ఏళ్ల చెంపలు వస్తున్నాయి.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది రంగు మార్చడం. నల్లటి పిల్ల వచ్చి కూర్చుంటే అడగకుండానే రెండు ఛాయలు తెల్లగా చేసి చేతిలో పెడతారు. నీ ఒంటిరంగు సర్కారు కాగితం మీద ఉండదగింది కాదని ఆ పిల్లకు చెప్పినట్టే కదా ఇది! ఇంతకంటే అవమానం ఏముంది? తెల్లగా చెయ్యమని అడిగేవాళ్లు మా కాలంలోనూ ఉన్నారు. పెద్దాయన మాత్రం ‘ఇది పాస్‌పోర్టమ్మా, కుదరదు’ అని పంపేసేవారు.

నిబంధనలూ ఆయన మాటే అంటున్నాయి. అమెరికా విదేశాంగ శాఖ సాఫ్ట్‌వేర్‌తో గానీ, ఫోన్ ఆప్‌లతో గానీ, ఫిల్టర్లతో గానీ, కృత్రిమ మేధతో గానీ ఫోటో మార్చొద్దని స్పష్టంగా రాసింది. అంటే వారంలో పోయే మొటిమకు కూడా వాళ్ల దగ్గర మినహాయింపు లేదు. విదేశాల్లోని మన రాయబార కార్యాలయాలు 2025 సెప్టెంబరు నుంచి అడుగుతున్న ఫోటోకు కొలత 630 బై 810 పిక్సెళ్లు. ముఖం 80 నుంచి 85 శాతం ఆక్రమించాలి, కంప్యూటర్‌తో మార్చి ఉండకూడదు. ఇటలీలో బొలోన్యా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లోనే ఒక సంగతి చూపించారు. ఇద్దరి ముఖాలు కలిపి ఒక ఫోటో చేస్తే, ఆ ఒక్క పాస్‌పోర్టుతో ఇద్దరూ యంత్రాన్ని దాటిపోగలరట. ఆ భయంతోనే జర్మనీ 2025 మేలో ఇంటి నుంచి తెచ్చే కాగితం ఫోటోలకు స్వస్తి చెప్పింది. మన పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లో పెద్దవాళ్లకు కౌంటర్లోనే ఫోటో తీయడం నాకు అందుకే నచ్చుతుంది.

ఇక చర్మం బాగా కనిపించాలన్న కోరిక తప్పా? కాదు. దాన్ని షట్టర్ నొక్కకముందే తీర్చాలి. మేం చేసింది అదే. మనిషిని గోడకు ఆనించకుండా రెండడుగులు ముందుకు కూర్చోబెడితే వెనక నీడ పడదు. రెండు లైట్లు రెండు పక్కలా, ముఖానికి కాస్త పైగా, సమానంగా పెట్టి వాటికి పల్చటి తెల్లగుడ్డ అడ్డం కడితే గరుకు చర్మం కూడా మెత్తబడుతుంది. ఒళ్లో తెల్ల అట్ట పెట్టించుకుంటే కళ్లకింద నలుపు తగ్గుతుంది. చెమట తుడిచి కొద్దిగా పౌడరు అద్దితే మెరుపు పోతుంది. ఆ తర్వాత కంప్యూటర్లో మిగిలే పని ఫ్రేము కోసుకోవడం, లైటు వల్ల వచ్చిన పసుపునో నీలాన్నో సరిచేసి అసలు ఒంటిరంగు తేవడం. అంతవరకే.

ఈ శ్రద్ధ ఇప్పుడు ఎవరికుంది? లైటు సర్దడానికి బద్ధకించి మొత్తం ముఖాన్నే చెరిపేస్తున్నారు. ఆ భారం మోసేది ఫోటో దిగినవాడే. వీసా దరఖాస్తుకు ఫోటో కుదరక మళ్లీ స్టూడియోకు పరిగెత్తే పిల్లలు వాళ్లే, పరీక్ష హాలు గుమ్మంలో ‘ఇది నువ్వేనా?’ అనిపించుకునేదీ వాళ్లే.

స్టూడియో నడిపే తమ్ముళ్లూ, పెళ్లి ఆల్బంలో మీ ఇష్టం వచ్చినంత నునుపు చేసుకోండి. పాస్‌పోర్టు పదేళ్లు నడవాలి, దాని మీద వేలు పెట్టకండి. ఫోటో దిగే అమ్మలూ అయ్యలూ, డబ్బులిచ్చే ముందు మీ పుట్టుమచ్చ ఉన్నచోట ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ ఫోటో తీసుకోకండి, మళ్లీ తీయమనండి.