డబ్బు మీది.. బొమ్మ వాళ్లది!

జర్మనీ, ఆస్ట్రియాల్లో ప్లేస్టేషన్ స్టోర్‌లో స్టూడియో కెనాల్ సినిమాలు కొనుక్కున్నవారికి 2022లో సోనీ చల్లగా కబురు చెప్పింది: ఆగస్టు 31 నుంచి అవి మీ లైబ్రరీలో ఉండవని! కారణం లైసెన్సు ఒప్పందాలట. మరుసటి ఏడాది డిసెంబరులో డిస్కవరీ కార్యక్రమాలకూ అలాంటి ముహూర్తమే పెట్టింది. జనం గగ్గోలు పెట్టాక, కనీసం మరో 30 నెలలు చూసుకోమని కరుణించింది. డబ్బు పోసి కొన్న సరుకుకు గడువు పొడిగింపు!

పాపం, డీవీడీకి ఇన్ని తెలివితేటలు లేవు. గీతలు పడుతుంది, ప్లేయర్‌లో మొరాయిస్తుంది. అంతేగానీ కంపెనీల ఒప్పందం చెడిందని అల్మారాలోంచి లేచిపోదు. సినీప్రియులారా! ప్రాణమనుకున్న సినిమాకు డిస్కు కొని దాచుకోండి. మిగతావి అద్దెకు చూడండి. అద్దెకు గడువుంటుందని ముందే చెబుతారు!