రెండు రోజుల తిరుపతి: హోటల్లో మోసపోకుండా కొన్ని సలహాలు

శుక్రవారం సాయంత్రం బెంగళూరులోనో చెన్నైలోనో కారెక్కి ఆదివారం రాత్రికి ఇల్లు చేరే కుటుంబాలకు ఈ సలహాలు పనికొస్తాయి. దర్శనం సంగతి టోకెన్ చూసుకుంటుంది. తిండి సంగతి మనమే చూసుకోవాలి. కొత్త ఊళ్లో కొత్త తిండి తినకుండా బయటపడటం అనుకున్నంత తేలిక కాదు.

బెంగళూరు వాళ్లకు పరీక్ష ముళబాగిలు దగ్గరే మొదలవుతుంది. అక్కడి దోసె మందంగా, అడుగున కరకరలాడుతూ, లోపల ఎర్రకారం పూసుకుని నెయ్యి ఓడుతూ వస్తుంది. దానికోసం బైపాస్ వదిలి ఊళ్లోకి తిరగాలి. తిరగొద్దు. హైవే మీదే ఇంకాస్త ముందుకెళ్తే ఫుడ్ కోర్టు వస్తుంది. మీ వీధి చివర తాగే కాఫీయే అక్కడా ఉంటుంది, ధర మాత్రం ఎక్కువ.

తిరుపతిలో దిగాక ఎక్కడ తినాలో ముక్కును అడగొద్దు, ఫోన్‌ను అడగండి. చుక్కలు ఎక్కువున్న చోటికే పోండి. ఆ చుక్కల్లో సగం పార్కింగ్ బాగుందని ఇచ్చినవే కావచ్చు. అయితేనేం, కారు కూడా కుటుంబసభ్యుడే కదా. పొద్దున్నే వీధి మొగలో బండి దగ్గర పొగలు కక్కే ఇడ్లీ, చెనిక్కాయల చట్నీ కనిపిస్తే కళ్లు తిప్పుకోండి. లాడ్జీలో రూముతోపాటు టిఫిన్ ఉచితం. పదింటికి మూసేస్తారు కాబట్టి తొమ్మిదీ యాభైకి పరుగెత్తి, చల్లారిన పొంగలి, రబ్బరు వడ, పాలల్లో నానిన కార్న్‌ఫ్లేక్స్ మూడూ ఒకే ప్లేటులో పెట్టుకోండి. ఉచితంగా వచ్చేదాన్ని వదులుకోవడం తెలివితక్కువతనం.

కొండమీద మాత్రం ఉచితాన్ని నమ్మొద్దు. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది. 2011 నుంచి అది మదనపల్లె వైపు తరిగొండలో పుట్టిన కవయిత్రి వెంగమాంబ పేరు పెట్టిన భవనంలో, ఒక్కో హాల్లో వెయ్యి మంది చొప్పున నాలుగు హాళ్లలో సాగుతోంది. ఇన్నివేల మందికి వండింది బాగుంటుందా అని అడగండి, లోపలికి పోయి మాత్రం చూడొద్దు. అక్కడ మెనూ కార్డు ఉండదు. పక్కన ఎవరు కూర్చుంటారో తెలియదు. విస్తరి వేసీ వేయకముందే చక్కెర పొంగలి పడుతుంది, ఫోటో తీసేలోపు సాంబారు వస్తుంది, అది ఊదుకునేలోపు రసం బకెట్ ఎదురుగా నిలబడుతుంది. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. 2025 మార్చి నుంచి మసాలా వడ కూడా వేస్తున్నారు, అదీ ఉల్లి లేకుండానే. అది కరకరలాడుతుందని చెప్పే వాళ్ల మాటలు పట్టించుకోకండి. బయటికొచ్చి హోటల్లో డబ్బులిచ్చి తినండి.

ఇక అసలు ప్రమాదం రాగి సంగటి. ఇది కొండ దిగాకే ఎదురవుతుంది. తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఎక్కడో ఒక రేకుల షెడ్డు కింద సంగటి, నాటుకోడి అని బోర్డు కనిపిస్తూనే ఉంటుంది. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, ఉండలు లేకుండా తెడ్డుతో గెలికి, తడిచేత్తో ముద్ద చేస్తారు. ఆ ముద్ద నడుమ వేలితో గుంట చేసి నెయ్యి పోసుకోవాలట. తుంచి పులుసులో అద్ది, నమలకుండా మింగాలట. నాటుకోడి ముక్కనేమో పళ్లు నొప్పెట్టేదాకా నమలాలి! మీరు స్పూన్ అడగండి. స్పూన్‌కి సంగటి అతుక్కుంటే ఫోర్క్ అడగండి.

ఇంకో జాగ్రత్త, పన్నెండున్నరకు అస్సలు పోవద్దు. అప్పుడే దించిన సంగటి దొరికిపోతుంది. మూడున్నరకు పోతే, ‘అయిపోయింది సామీ, వైట్ రైస్ ఉండాది’ అంటారు, గండం గడుస్తుంది. పొరపాటున ముందే పోయారనుకోండి, సర్వర్ ఆగకుండా చెప్తాడు:

‘సంగటి, నాటుకోడి, తలకాయ కూర, బోటి. ఊరిబిండి ఇప్పుడే నూరినారు సామీ, ఎయ్యమంటారా?’

‘పన్నీర్ బటర్ మసాలా లేదా?’

‘లేదు సామీ. ఎదురుగా ఏసీ హోటల్లో ఉంటాది.’

అతను మంచివాడు, దారి చూపించాడు. వెంటనే లేవండి. ఏసీ హోటల్లో పొద్దున్నే ఒక పెద్ద గిన్నెలో గ్రేవీ కాచి ఉంచుతారు. పన్నీర్ వేస్తే పన్నీర్ మసాలా, పుట్టగొడుగులు వేస్తే మష్రూమ్ మసాలా. మీ ఊళ్లో తిన్న రుచే ఇక్కడా వస్తుంది, ఆశ్చర్యపోయే అవకాశమే లేదు. వెంట వచ్చిన అత్తగారు నాకు సంగటే కావాలంటే ‘ఈ వయసులో అరగదత్తయ్యా’ అని బటర్ నాన్ తెప్పించండి. ఆవిడ పెళ్లయ్యేదాకా పూటపూటా అదే తిని పెరిగిందని మీవారు గుర్తుచేస్తే, ఏసీ చప్పుడుకి వినపడనట్టు ఉండండి.

పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా, తమిళ భక్తులు మాంసం మానేసి శనివారాలు కొండకు పోటెత్తుతారు. మీరు సరిగ్గా ఆ శనివారమే, ఒంటిగంటకు, శాకాహార మీల్స్ హోటల్‌కే పోండి. ఖాళీ కుర్చీ ఉండదు. తింటున్నాయన వెనక నిలబడి సాంబారులో ఉన్నాడా, పెరుగులోకి వచ్చాడా చూస్తూ ఉండండి. ఆయన మళ్లీ రసం అడిగితే గట్టిగా నిట్టూర్చండి. పిల్లవాణ్ణి ముందే ఆయన కుర్చీ అంచున ఆనించి ఉంచితే ఇంకా మంచిది. పదకొండున్నరకే పోయి తిని వచ్చేవాళ్లకు ఈ అనుభవం దక్కదు.

మామిడి కాలంలో తిరుగు ప్రయాణం కూడా జాగ్రత్తగా చేయాలి. కాణిపాకం చూసుకుని చిత్తూరు మీదుగా బెంగళూరు దారి పడితే బంగారుపాళెం వస్తుంది. జూన్, జూలైల్లో తోతాపురి కాయల ట్రాక్టర్లు అక్కడ బారులు తీరి ఉంటాయి. ఆ కాయలు చాలావరకు జిల్లాలోని గుజ్జు ఫ్యాక్టరీలకు పోతాయి, అక్కణ్ణించి గుజ్జు కూల్‌డ్రింక్ కంపెనీలకు పోతుంది. రోడ్డు పక్కన గంప ముందు కూర్చున్న అవ్వ కాయ కోసి ఉప్పూకారం చల్లి ఇవ్వబోతుంది. ఆగొద్దు. బేనీషా ముక్క తిని చూడమంటుంది, తింటే కొనకుండా కదల్లేరు. టోల్‌గేటు దాటాక ఏసీ షాపులో చల్లటి మామిడి జ్యూస్ బాటిల్ కొనుక్కోండి. పండు ఎలా ఉంటుందో చూడాలనుకుంటే బాటిల్ మీద బొమ్మ ఉంటుంది.