పేలాక మొదలైన బతుకు

నా అడుగున అచ్చొత్తిన అక్షరాలే నా జాతకం: ఎల్‌.సి. 67. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, ఇండిపెండెన్స్‌ ఊరి దగ్గరి లేక్‌ సిటీ కర్మాగారంలో 1967లో పుట్టాను. ఒంట్లో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. 1906లో అక్కడి సైన్యం స్వీకరించిన కొలత కాబట్టి మా జాతిని థర్టీ ఆట్‌ సిక్స్‌ అంటారు.

తూటా అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎగిరిపోయే బుల్లెట్టే. అది వెళ్లిపోతుంది, మందు కాలిపోతుంది. మిగిలేది ఇత్తడి గొట్టాన్నయిన నేను. మందు అంటుకోగానే ఉబ్బి తుపాకి ఛాంబర్‌ గోడలకు అతుక్కుపోతాను. నిప్పులాంటి వాయువు వెనక్కి తన్ని కాల్చినవాళ్ల మొహాన కొట్టకుండా ఆపేది నేనే. మరుక్షణం కాస్త ముడుచుకుని బయటికొస్తాను.

మోంటానాలో ఒక షూటింగ్‌ రేంజి గడ్డిలో పడివున్న నన్ను రిటైరైన టీచరమ్మ ఒకావిడ మళ్లీ మందు నింపి వాడుకోడానికి ఏరుకుంది. గ్యారేజీలో దీపం కింద పెట్టి ముందు నా లోపలికి తొంగిచూసింది. అడుగున నడిమధ్య ఒకటే రంధ్రం ఉంటే బాక్సర్‌ రకం. పై నుంచి సూది దింపి మందుని అంటించి కాలిపోయిన ప్రైమర్‌ని తోసేయొచ్చు. రెండు రంధ్రాలుంటే బెర్డాన్‌ రకం. దాన్ని పక్కన పెట్టేస్తుంది. నాది ఒకటే.

తర్వాత అక్రోటు పెంకుల పొడిలో గంటలకొద్దీ దొర్లించింది. ఇత్తడి తళతళలాడించే ద్రావకాలు బజారులో ఎన్నో ఉన్నా, అమ్మోనియా కలిసినదాన్ని ఆవిడ దగ్గరికి రానివ్వదు. ఆ జాగ్రత్త వెనక మీ దేశపు వానాకాలం ఉంది. బ్రిటిష్‌ పాలనలో వర్షాలకు సైన్యం కదలక, తూటాలను గుర్రపుశాలల్లో దాచేవారు. వానలు వెలిశాక తీసి చూస్తే మా పూర్వీకుల ఒళ్లంతా పగుళ్లు! గుర్రపు మూత్రం నుంచి లేచిన అమ్మోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, రెండూ కలిసి చీల్చాయని 1921లో తేల్చారు. లోహశాస్త్రంలో ఆ జబ్బుకి ఇప్పటికీ రుతువు పేరే.

నూనె రాసి డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కినప్పుడు ఉబ్బిన ఒళ్లు పాత కొలతకొస్తుంది. కానీ పేలినప్పుడల్లా అడుగు వైపు ఇత్తడి కొంచెం ముందుకు సాగి, మెడ పొడుగవుతుంది. 2.494 అంగుళాలు దాటితే మూతి ఛాంబర్‌ చివర ఇరుక్కుని బుల్లెట్‌ను పట్టేస్తుంది, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకే కొలిచి, కోసి, అంచు నున్నగా తీస్తుంది. ఉబ్బీ ముడుచుకునీ మెడ పెళుసెక్కితే మంట చూపించి మెత్తబరుస్తుంది. ఆ వేడి అడుగుకి మాత్రం పాకనివ్వదు. అడుగు మెత్తబడిన గొట్టం తుపాకిలో నిలవదు.

నన్ను నిజంగా అరగదీసింది నిప్పు కాదు, ఆ సాగడమే. అడుగుకి కాస్త పైన గోడ పలచబడుతూ వచ్చింది. బయట సన్నని మెరుపు గీత కనబడగానే ఆవిడ కొస వంచిన తీగను లోపలికి దింపి గోడ వెంట పైకి లాగింది. తీగ ఒకచోట తట్టుకుంది. మళ్లీ లాగింది, మళ్లీ అక్కడే. ఇంకోసారి పేలితే నేను రెండు ముక్కలయ్యేదాన్ని. ఇంకెవరూ పొరపాటున నింపకుండా పటకారుతో నా మూతి నొక్కేసి తుక్కు ఇత్తడి వేసే డబ్బాలో పడేసింది. నాతోపాటు అన్నేసిసార్లే పేలినవి ఉన్న పెట్టెను ముందుకు లాక్కుని, ఒక్కోదాన్నీ అదే తీగతో తడమడం మొదలుపెట్టింది.