వరుణదేవుల వారి సముఖమునకు

పశ్చిమ దిక్పాలకులు, సకల జలాధిపతులు శ్రీ వరుణదేవుల వారికి రాయునది ఏమనగా,

విషయం: అలాస్కా తీరంలో తమ సిబ్బంది ప్రవర్తన.

అయ్యా,

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి. అర్జీలు పుచ్చుకోవడమే గానీ పెట్టుకోవడం అలవాటు లేదు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి, తిమింగలాలు చూపిస్తానని సీవర్డ్ రేవులో కుటుంబమంతటినీ పడవెక్కించాడు. ఆ తీరం 1980 నుంచి కెనాయ్ ఫియోర్డ్స్ జాతీయ వనం. నేల సర్కారుదైనా నీళ్ళు తమవే గనుక ఫిర్యాదు తమకే.

మొదటిది సముద్రపు నీటికుక్కల మీద. మా కోరింగ మడ అడవుల్లో నీటికుక్క మనిషి అలికిడి వింటే మాయమవుతుంది. ఇక్కడివి వెల్లకిలా పడుకుని, పొట్టమీద రాయి పెట్టుకుని గవ్వలు పగలగొట్టుకు తింటున్నాయి. పడవ వచ్చిందన్న మర్యాద లేదు. పైగా వాటి ఒంటిమీద చదరపు అంగుళానికి పది లక్షల దాకా వెంట్రుకలట. నా నెత్తిమీద మిగిలినవెన్నో తమకు తెలియనిది కాదు. పంపకాల్లో ఇంత పక్షపాతమా అని రాయబోయాను. ఆ బొచ్చు కోసమే రష్యా వర్తకులు మొదలుపెట్టిన వేటలో ఈ జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందనీ, 1911 ఒప్పందం తర్వాతే తెరిపిన పడిందనీ గైడు చెప్పింది. ఈ ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నాను.

చిస్వెల్ దీవుల రాళ్ళమీద సముద్ర సింహాలు. మగవాటిలో టన్ను తూగేవీ ఉన్నాయి. అరుపులు సరే, ఆ కంపు! మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మళ్ళీ రేవు చేరాకే తీసింది. రంగురంగుల ముక్కుల పఫిన్ పిట్టలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి, వాటిమీద అభ్యంతరాల్లేవు.

ఇక హంప్‌బ్యాక్ తిమింగలం. దానికి వంద గజాల లోపుకి పడవ పోకూడదని నిబంధన. మంచిదే. కానీ నకలు తిమింగలానికి అందినట్టు లేదు. ఇంజను ఆపుకుని బుద్ధిగా కూర్చున్న మా పక్కకే వచ్చి, కుళ్ళు చేపల వాసన మా మీదికి వదిలి, తోక ఎత్తి మునిగిపోయింది. టిక్కెట్టు కొన్నది మేము. దాని ముఖం ఎవరికీ కనబడలేదు. "తాతయ్యా, దానికి మనం కనబడ్డామా?" అంది మనవరాలు. జవాబు తమరే ఇప్పించాలి.

చివరిది ఫిర్యాదు కాదు, విచారణ కోరుతున్నాను. ఐయాలిక్ హిమానీనదం ముందు పడవ ఆపారు. మంచుగోడ విరిగి పడింది, ఉరుము తర్వాత వినిపించింది, పడవంతా చప్పట్లు. మర్నాడు రోడ్డు దారిన ఎగ్జిట్ హిమానీనదానికి వెళ్ళాం. ఏ ఏడు మంచు ఎక్కడిదాకా ఉండేదో సంవత్సరాలు రాసిన పలకలు దారి పొడవునా సర్వే రాళ్ళలా నాటి ఉన్నాయి. ఒకటి దాటాక ఒకటి, మంచు ఇంకా పైనే. ఉద్యోగంలో ఆక్రమణలు చాలా చూశాను. పట్టా ఉన్న భూమిని ఖాళీ చేసి వెనక్కి పోయే ఆసామిని చూడలేదు.

రష్యా 1867లో ఈ రాజ్యాన్నంతా అమెరికాకి 72 లక్షల డాలర్లకు రాసిచ్చినప్పుడు, తరాలుగా ఈ తీరాన బతుకుతున్న సుగ్పియాక్ జనాన్ని ఎవరూ అడగలేదట. మంచునైనా అడిగారా? దానికి నోటీసు ఎవరిచ్చారు? సంతకం ఎవరిది? ఫైలు తమ వద్ద లేకుంటే, కరిగి నీరయ్యే ఆ మంచంతా చేరేది తమ పరిధిలోకే గనుక, కనీసం జమాబందీ అయినా తెప్పించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు

జతపరచినవి: తిమింగలం ఫొటోలు. తోక ఉన్నవి తక్కువ, నా బొటనవేలు ఉన్నవి ఎక్కువ.